కయ్యం సాక్షి

1వ రోజు
ఈ రోజు కోపం ఎవరిమీద: ఈ గడి పెట్టినవాళ్ల మీద.

తుపాకీ లైసెన్సు కావాలంటే అరవై రోజులు ఈ పుస్తకం రాయాలి. రోజూ రాయకపోయినా ఊరుకుంటారట, అబద్ధం రాస్తే మాత్రం ఊరుకోరట. ప్రతి పేజీ నెత్తిన ఆ గడి అచ్చేసి ఉంది. కోపం రాని రోజు ఖాళీగా వదిలేయవచ్చని కింద చిన్న అక్షరాల్లో రాశారు. అలాంటి రోజులున్న మనుషులకు తుపాకీ ఎందుకో నాకు అర్థం కాలేదు.

నా పేరు మారెక్క. ఇరవై మూడేళ్లు. నాలుగో మైదానంలో ఎండ పలకలు తుడుస్తాను. మనిషికి ఒక వరస, వరసకు నూట ఇరవై పలకలు. మా ఇళ్లు, మేకలు, తోట అన్నీ ఆ పలకల నీడలోనే. పైన కరెంటు, కింద కొత్తిమీర. బడికి పోలేదు. పలకల వెనక అంటించిన కాగితాలు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. నేను మొట్టమొదట చదివిన మాట "ముట్టుకోరాదు". ముట్టుకునే చదివాను.

ఊరికి తుపాకీ ఒకటే. ఏ ఊరికైనా అంతే. మా ఊరిదాన్ని పంతొమ్మిదేళ్లు హసీనాబీ అవ్వ పెట్టుకుంది. పోయిన వారం కళ్ల పరీక్షలో ఎదురుగా ఉన్న గుట్టను చూపించి అదేమిటని అడిగితే, మబ్బు అంది. తుపాకీని పెట్టెలో పెట్టి లక్క ముద్ర వేశారు. అరవై రోజుల్లో మాలో ఎవరికైనా లైసెన్సు వస్తే అది ఊళ్లో ఉంటుంది. లేదంటే జిల్లా బండి వచ్చి పట్టుకుపోతుంది, ఇంకో ఊరికి ఇస్తుంది.

తుపాకీ ఉన్నది గద్దల కోసం. గద్దలంటే పిట్టలు కావు, సరుకులు మోసే యంత్రాలు. వాటిని ఎగరేసిన కంపెనీ మా అమ్మ పెళ్లికి ముందే మూతబడింది. ఇక చాలు, పని మానండి అని వాటికి ఎవరూ చెప్పలేదు. మోయడానికి సరుకు లేక అవి మా పలకల మీద వాలి కరెంటు తాగుతాయి. పోతూ పోతూ తమ మరమ్మతుకు మా తీగలు తెంపుకుపోతాయి. తీగ తెగితే మోటారు ఆగుతుంది. మోటారు ఆగితే నీళ్లు లేవు. వల వేశాం, కోసేశాయి. వడిసెల తిప్పాం, చెయ్యి పైకి లేస్తే పక్కకు జరగడం నేర్చుకున్నాయి. తూటా నుంచి జరగడం మాత్రం ఇంకా నేర్వలేదు.

ఈ రోజు మోటారు ఆడింది ఆరు గంటలు.

3వ రోజు
కోపం: హసీనాబీ అవ్వ మీద.

నేర్పేది ఆమే. తుపాకీ ఇస్తుందనుకుని పోతే నా తుడుపు కర్ర నా చేతికే ఇచ్చింది.

"పదిహేను దినాలు ఇదే నీ తుపాకీ," అంది.

"ఇది తుడుపు కర్ర, అవ్వా."

"కాదు. ఇప్పుడు దీంట్లో తూటా ఉండాది. దీని మొన మనిషి వైపు తిరగకూడదు. మేక వైపు తిరగకూడదు. పనిచేస్తా ఉన్నా, అన్నం తింటా ఉన్నా, ఎవురన్నా పిలిచినా. ఒక్కసారి తిరిగిందంటే మల్లా ఒకటో దినం."

"కండ్లు కనపడవు గదా, తిరిగింది నీకెట్ల తెలుస్తాది?"

"ఊరంతా నా కండ్లే. అందరికీ చెప్పినా."

నిజంగానే చెప్పింది. కర్ర భుజాన వేసుకుని ఇంటికి నడుస్తుంటే, వెనక వస్తున్న రామాంజినమ్మ "నన్ను కాల్చినావు" అని కేక పెట్టింది. మళ్లీ ఒకటో దినం.

7వ రోజు
కోపం: రామాంజినమ్మ, ఆమె చెల్లెలు, వాళ్ల మేక.

ఇప్పటికి నాలుగుసార్లు ఒకటో దినం అయింది.

11వ రోజు
కోపం: మేస్త్రీ తిప్పేస్వామి మీద. పాత కోపమే.

దరఖాస్తు పెట్టింది ఇద్దరం, నేనూ ఎర్రిస్వామీ. ఎర్రిస్వామి కూడా పలకలు తుడుస్తాడు, నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. కర్ర పాఠం అతనికి రెండో రోజుకే వచ్చేసింది. అతను పుట్టినప్పటి నుంచి ఎవరి వైపూ ఏదీ తిప్పి ఎరగడు.

ఈ రోజు నిబంధనల కాగితం వచ్చింది. శిక్షణ, గురి, కళ్లు, ఈ పుస్తకం. ఇవిగాక ఇంకొకటుంది, కయ్యం సాక్షి. పోయిన ఏడాదిలో మనతో కయ్యం పెట్టుకున్న మనిషి ఒకరు పరీక్ష నాడు వచ్చి, "ఈ మనిషి చేతిలో తుపాకీ ఉంటే నాకు భయం లేదు" అని చెప్పి సంతకం పెట్టాలి. స్నేహితుల మాట పనికిరాదు. మా సీమలో ఒకప్పుడు ఎవరి ఇంట్లో ఏముండేదో, ఎందుకుండేదో గుర్తున్నవాళ్లు రాసిన నిబంధన ఇది.

హసీనాబీ అవ్వ కాగితం నా చేతికిచ్చి, "పూర్తిగా చదువుకో," అంది.

"నాకు చదువొచ్చు," అన్నాను.

నాకు కయ్యాలకు కరువు లేదు. అన్నింటిలోకీ పెద్దది మేస్త్రీతో. ఏడు నెలల కిందట నాలుగో వరసలో 412వ పలక పగిలింది. గద్ద గోరు తగిలి పగిలిందని నేను చెప్పాను. మేస్త్రీ మాత్రం 'తుడిచే మనిషి వల్ల' అని రాసి, నన్ను బావి పక్కనున్న నాలుగో వరస నుంచి తీసి దారి పక్కనున్న ఏడో వరసలో వేశాడు. మైదానంలో దుమ్మంతా అక్కడే. సభలో అందరి ముందూ తుడుపు కర్ర విసిరాను. ఆయన ఎడమ చెవికి తగిలింది. ఆ రోజు నుంచి మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఏ వరసకు నీళ్లు పెట్టాలో కూడా ఆయన గోడమీద రాస్తాడు, నేను చదువుకుంటాను.

ఆయన వచ్చి నా గురించి మంచి చెబుతాడా? చెప్పడు. అందుకే కోపం.

మోటారు అయిదు గంటలు.

17వ రోజు
కోపం: లేదు. నవ్వి నవ్వి కడుపు నొప్పి.

ఎర్రిస్వామికి కయ్యం సాక్షి లేడు. పోయిన ఏడాదే కాదు, బతుకు మొత్తంలో అతనితో ఎవరూ కయ్యం పెట్టుకోలేదు. దాంతో ఒకటి పెట్టుకుందామని బయల్దేరాడు. రామాంజినమ్మ ఇంటికి పోయి, ముఖం ఎర్రగా చేసుకుని, "మొన్న నువ్వు పంపిన పులుసు నోట్లో పెట్టుకునేట్లు లేదు," అన్నాడు.

ఆమె, "నిజమే ఎర్రన్నా, ఉప్పు శానా అయిపాయ. నువ్వొక్కడివే మొగం మీద చెప్పినావు. కూచో, ఈరోజు బాగొచ్చింది, తినిపో," అని గిన్నె పెట్టింది.

తిని వచ్చాడు. మధ్యాహ్నం నా దగ్గర కూర్చుని, "మారీ, నువ్వు ఎట్ల పెట్టుకుంటావు కయ్యం? మొదట ఏం అంటావు?" అని అడిగాడు.

నేర్పాను. "నీ మొగం చూస్తే పొద్దున్నే కడుపులో దేవినట్లుంటాది" అని నా ముఖం మీద అనమన్నాను. అతను అని, వెంటనే నీళ్లు తెచ్చిచ్చాడు.

సాయంత్రం దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. ఇక ఊరికి నేనే దిక్కు. నవ్వు అక్కడ ఆగింది.

24వ రోజు
కోపం: కుంటి గద్ద మీద.

కర్రతో పదిహేను దినాలు ఎలాగో పూర్తయ్యాయి. పెట్టె లక్క విప్పారు. తుపాకీ నేను అనుకున్నదానికంటే బరువు, అనుకున్నదానికంటే చల్లన. నేర్చుకోవడానికి ఇరవై తూటాలు ఇచ్చారు. అవ్వ నా పక్కన కూర్చుని చెవులతో చూస్తుంది.

"బోల్టు తెరిచినావా?"

"తెరిచినా."

"వేలు పెట్టి చూసినావా?"

"ఖాళీగా ఉండేది కనపడతానే ఉంది."

"నాకూ గుట్ట మబ్బుగా కనపడింది. వేలు పెట్టు."

ఎత్తినా దించినా, ఎవరికి అందించినా ముందు బోల్టు తెరవాలి, తూటా ఉండే చోట వేలు పెట్టి చూడాలి, మొన గుట్ట వైపు పెట్టి కింద పెట్టాలి. రెండడుగులు వెనక్కి వేయాలి. ఇదంతా రోజుకు రెండువందల సార్లు చేయిస్తుంది. ముద్ద నోటి దగ్గరకు పోయేటప్పుడు నోరు ఎక్కడుందని వెతుక్కుంటామా, చేతులకు అంతగా తెలియాలంట.

మూడు తూటాలు పేల్చాను. మూడూ గుట్టకు తగిలాయి. గుట్ట చాలా పెద్దది.

ఆ చప్పుడుకు గద్దలన్నీ లేచిపోయాయి, ఒక్కటి తప్ప. దానికి ఒక రెక్క సరిగ్గా తిరగదు, వంకరగా ఎగురుతుంది, అందుకే కుంటి గద్ద అంటాం. అది మా కళ్లముందే తొమ్మిదో వరస మీద తీరిగ్గా వాలి, రెండు బారల తీగ తెంపుకుని, గుట్ట వైపు కాకుండా ఇళ్ల మీదుగా పోయింది. ఇళ్లు వెనకున్నప్పుడు కాల్చకూడదు. దానికీ తెలుసు.

మోటారు నాలుగు గంటలు. కొత్తిమీర వాలిపోయింది.

33వ రోజు
కోపం: నామీద.

ఈ రోజు పాఠం, గుర్తులు చదవడం. ఏది తగిలింది, ఎటునుంచి తగిలింది. గద్ద గోళ్లు దిగిన పలకలు నాలుగు చూపించింది అవ్వ. నేను చూసి చెప్పాను, ఆమె తడిమి ఒప్పుకుంది. గోళ్ల గీతలు ఎప్పుడూ పైనుంచి కిందకు, మూడు మూడుగా ఉంటాయి.

గిడ్డంగిలో 412 ఇంకా గోడకు ఆనించి ఉంది. నాదే నిజమని చూపించి, దాంతో మేస్త్రీ ముఖం మాడ్చుదామని పోయాను. గీతలు లేవు. పగులు కింది అంచు నుంచి మొదలైంది. మొదలైన చోట గాజు మీద అర్ధచంద్రంలా చిన్న నొక్కు. నా తుడుపు కర్ర చివర ఇనుప కడియం ఉంటుంది. తీసి ఆ నొక్కులో పెట్టాను. సరిపోయింది.

తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ సరిపోయింది.

అబద్ధం రాయకూడదు కాబట్టి రాస్తున్నాను. 412ను పగలగొట్టింది నేనే. ఎనిమిది నెలలు ఊరంతా వినేలా గద్దను తిట్టాను.

35వ రోజు
కోపం: లేదు. చెప్పాక తేలికగా ఉంది.

మేస్త్రీ ఇంటికి పోయాను. ఆయన గడప మీద కూర్చుని చెప్పు కుట్టుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"మేస్త్రీ, 412 నా కర్ర తగిలే పగిలింది."

"తెలుసు."

"మరి ఎనిమిది నెల్లు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పినా కదమ్మే. రాసినా గూడా. నువ్వు కర్రతో జవాబిచ్చినావు." చెవి తడుముకున్నాడు.

తప్పు నాదే, మన్నించమన్నాను. బతుకులో మొదటిసారి అన్నాను, మాట అడ్డంగా వచ్చింది. ఆయన సూది పక్కన పెట్టి, లోపలికి చూసి ఇద్దరికీ టీ పెట్టమన్నాడు. తాగాం. పరీక్షకు వచ్చి సంతకం పెడతానన్నాడు. నువ్వు చెడ్డదానివి కావు అని కూడా అన్నాడు.

ఇంత సుఖంగా అయిపోతుందనుకోలేదు.

36వ రోజు
కోపం: చదువు మీద.

ఎర్రిస్వామికి చెప్పాను. అతను సంతోషపడి, నిబంధనల కాగితం ఇంకోసారి చూద్దామని తీశాడు. పేజీ తిప్పాడు.

"మారీ, వెనక గూడా ఉండాది."

వెనక ఇలా ఉంది: "సాక్షికీ అభ్యర్థికీ మధ్య కయ్యం పరీక్ష నాటికి తీరకుండా ఉండవలెను. రాజీపడినవారి సాక్ష్యం స్నేహితుల సాక్ష్యంగానే ఎంచబడును. లేని కయ్యం ఉన్నదని చెప్పిన ఊరికి తుపాకీ ఇవ్వబడదు."

పలకల వెనక కాగితాలు చదివి అక్షరాలు నేర్చిన మనిషిని, ఈ కాగితానికి కూడా ఒక వెనక ఉంటుందని నాకు తట్టలేదు. ఉన్న ఒక్క మంచి కయ్యాన్నీ టీ తాగి పోగొట్టుకున్నాను.

44వ రోజు
కోపం: ఊరందరి మీద. వాళ్లు మంచిగా ఉన్నందుకు.

ఇంటింటికీ తిరిగాను. నేను తిట్టినవాళ్లు, నన్ను తిట్టినవాళ్లు, మొత్తం పదకొండు గడపలు. మోటారు ఇప్పుడు మూడు గంటలే ఆడుతోంది. ఊరందరికీ నాకు లైసెన్సు రావాలని ఉంది. అందువల్ల నామీద ఎవరికీ కోపం మిగల్లేదు.

"నేను నీ కుండ పగలగొట్టినా గదా, గుర్తులేదా?" అని ఓబుళమ్మను అడిగాను.

"అది పాత కుండే లే, పాపా. రా, తలకు నూనె పెడతా."

రామాంజినమ్మ అయితే మేకనే ఇస్తానంది.

పోనీ కొత్త కయ్యం పెట్టుకుందామంటే ఏమన్నా నవ్వుతున్నారు. ఎర్రిస్వామి కష్టం ఇప్పుడు తెలిసింది. అతని దగ్గరకు పోయి కూర్చున్నాను. 

గురి మాత్రం కుదిరింది. మిగిలిన తూటాల్లో తొమ్మిదింటికి ఎనిమిది తగిలాయి.

60వ రోజు
కోపం: కింద రాశాను.

జిల్లా నుంచి పరిశీలకురాలు మునిరత్నమ్మ వచ్చింది. వెనక బండి కూడా వచ్చింది, తుపాకీ పట్టుకుపోవడానికి ఖాళీ పెట్టెతో. ఆమె గొడుగు కింద కూర్చుని, వేరుశనగ కాయలు వలుచుకుంటూ ఈ పుస్తకం మొత్తం చదివింది. 33వ రోజు దగ్గర వలవడం ఆపింది. 44 దగ్గర మళ్లీ మొదలుపెట్టింది.

పరీక్షకు అయిదు తూటాలు. గుట్ట కింద రేకు డబ్బాలు కట్టారు. ఊరంతా నా వెనక నిలబడింది. నాలుగు పేల్చాను, నాలుగూ తగిలాయి. అయిదోది లోపల పెట్టి గురి చూస్తున్నాను.

"కయ్యం సాక్షి ఎవరు?" అని మునిరత్నమ్మ వెనకనుంచి అడిగింది. కావాలనే అప్పుడు అడిగిందని నాకు ఇప్పుడు అనిపిస్తోంది.

 మేస్త్రీ గొంతు వినిపించింది. "నేను రావాల్సింది మేడం. కానీ అబద్ధం చెప్పకూడదు గదా. మాకు రాజీ అయిపోయింది. పిల్ల మంచిదే. తుడవడం ఒకటే రాదు, పాపం."

"ఏం రాదు?" అన్నాను, గుట్ట వైపే చూస్తూ.

"తుడవడం. ఏడో వరస నువ్వు పోయినాక దినామూ ఎర్రిస్వామి చేత మల్లా తుడిపిస్తాండా. ఎనిమిది నెల్లుగా. నీ మనసు నొచ్చుకుంటాదని చెప్పలే."

ఎర్రిస్వామి కాదనలేదు. కాదంటాడని ఒక క్షణం ఎదురుచూశాను.

ఎనిమిది నెలలు. దారి పక్క దుమ్ములో, నూట ఇరవై పలకలు, నా ముఖం కనిపించేదాకా రుద్దాను. నా చేతి పని బాగాలేదని నన్ను ఎవరూ అనలేదు, ఎందుకంటే నాకు తెలియకుండా ఇంకొకరు దాన్ని బాగుచేస్తున్నారు. తిట్టు గొంతులోకి వచ్చింది, నాలుక మీదికి వచ్చింది. కానీ చేతులు వాటి పనిలో అవి ఉన్నాయి. మొన గుట్ట వైపే. బోల్టు తెరిచాయి. తూటా తీసి జేబులో వేశాయి. వేలు పెట్టి చూశాయి. తుపాకీని చాప మీద పెట్టాయి. కాళ్లు రెండడుగులు వెనక్కి వేశాయి. తిట్టు అంతసేపూ నోట్లోనే నిలబడింది.

అప్పుడు తిరిగాను.

ఏమన్నానో రాయను, ఈ పుస్తకం జిల్లా కచేరీలో ఉంటుంది. మేస్త్రీ కూడా తక్కువ అనలేదు. గాజు తుడవమంటే గేదెను కడిగినట్లు కడుగుతానన్నాడు. నువ్వు చెప్పులు కుట్టుకో, పలకల సంగతి నీకెందుకన్నాను. రాజీ లేదు, గీజీ లేదు, నా టీ నాకు వెనక్కి ఇచ్చేయమన్నాడు. ఎర్రిస్వామి మా మధ్యకు రాబోతే ఇద్దరం అతన్నే తిట్టాం. అతనికి కన్నీళ్లు వచ్చాయి. తర్వాత అడిగితే, తనను ఒకరు తిట్టడం మొదటిసారి కదా, బాగుందన్నాడు.

మునిరత్నమ్మ లేచి చాప దగ్గరకు వచ్చింది. తుపాకీ చూసింది. నా జేబు వైపు చెయ్యి చాపితే తూటా ఇచ్చాను.

"ఏది ముందు వినపడింది?" అని హసీనాబీ అవ్వను అడిగింది.

"బోల్టు చప్పుడు ముందు, మేడం," అంది అవ్వ. "తిట్టు తర్వాత. శానా తర్వాత."

మునిరత్నమ్మ మేస్త్రీ వైపు తిరిగింది. "మీ ఇద్దరికీ రాజీయేనా?"

"యాడి రాజీ మేడం, ఈమెతోనా? ఈ జన్మకు లేదు."

"ఈమె చేతిలో తుపాకీ ఉంటే మీకు భయమా?"

ఆయన ఎడమ చెవి తడుముకున్నాడు.  "తుడుపు కర్ర ఉంటే భయం. ఈమె నోరంటే భయం. తుపాకీ ఉంటే లేదు."

సంతకం పెట్టాడు. కాగితం చిరిగేంత గట్టిగా పెట్టాడు.

ఖాళీ పెట్టె ఖాళీగానే బండి ఎక్కింది.

64వ రోజు
ఇక రాయనక్కర్లేదు. పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది, గడి ఖాళీగా ఉంటే చూడలేక రాస్తున్నాను.

ఈ ఉదయం కుంటి గద్ద వచ్చింది. మూడుసార్లు ఇళ్ల మీదుగా పోయింది, మూడుసార్లూ తుపాకీ దించాను. నాలుగోసారి, ఎండ కళ్లలో పడిందో ఏమో, గుట్ట వైపు తిరిగింది. ఒక్క తూటా. అది రాళ్ల మీద పడి, పడ్డాక కూడా కాసేపు రెక్క ఆడించింది, ఇంకా ఎవరికో సరుకు చేర్చాలన్నట్లు. దాని కడుపులో మా తీగ నలభై బారలు దొరికింది. ఎర్రిస్వామి దాన్ని మళ్లీ కలుపుతున్నాడు. సాయంత్రానికి మోటారు అయిదు గంటలు ఆడింది. ఓబుళమ్మ కొత్తిమీర తల ఎత్తింది.

లైసెన్సును ఏడాదికోసారి తిరిగి రాయించుకోవాలట. ఈసారి కాగితం రెండు వైపులా చదివాను. అప్పుడు కూడా కయ్యం సాక్షి కావాలి.

పొద్దు వాలేటప్పుడు తుపాకీ భుజాన వేసుకుని ఏడో వరస దగ్గరకు పోయాను. ఈ నాలుగు రోజులూ ఆ పలకలు రెండేసిసార్లు తుడిచాను, ఎర్రిస్వామిని దగ్గరకు రానివ్వలేదు. మేస్త్రీ అక్కడే నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, ఒక పలక మీద చూపుడు వేలు ఈ చివరినుంచి ఆ చివరిదాకా మెల్లగా లాగాడు. వేలు నా ముఖం ముందు పెట్టాడు.

వేలు శుభ్రంగా ఉంది. ఇద్దరం చూశాం.

"మట్టి," అన్నాడు.

నేను బోల్టు తెరిచి, వేలు పెట్టి చూసి, మొన గుట్ట వైపు తిప్పి తుపాకీని కింద పెట్టాను. రెండడుగులు వెనక్కి వేశాను. తర్వాత మొదలుపెట్టాను.